బడిలో వర్క్‌షాపుకు చోటెక్కడ?

పిల్లలకు వృత్తి నేర్పాలనుకున్నప్పుడు ముందు సిలబస్ గురించి చర్చిస్తారు, ఆ తర్వాత యంత్రాల గురించి. గది మాట చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ఈ ఉపన్యాసం గదితోనే మొదలవుతుంది. పని నేర్పే గదిని ఎక్కడ పెట్టారో చూస్తే, ఆ పనికి బడిలో ఎంత మర్యాద ఉందో తెలిసిపోతుంది.

జర్మనీలోని డెసావ్‌లో బౌహౌస్ అనే డిజైన్ కళాశాల భవనం 1926 డిసెంబరు 4న ప్రారంభమైంది. వాల్టర్ గ్రోపియస్ గీసిన ఆ భవనపు గాజు గోడ ప్రపంచానికంతా తెలుసు. ఆ గాజు వెనక వర్క్‌షాపులు ఉన్నాయి. చెక్కపని, లోహపని, నేత నేర్చుకునేవాళ్లు వీధిన పోయేవాళ్లకు కనబడేంత వెలుగులో కూర్చుని పనిచేశారు. అంతగా ప్రచారంలో లేని సంగతి మరొకటుంది. అదే భవనంలో ఒక భాగాన్ని పట్టణ వృత్తివిద్యా పాఠశాలకు కట్టారు. రెండు బళ్లనూ వీధి మీదుగా రెండంతస్తుల వంతెన కలిపింది. కార్యాలయం, గ్రోపియస్ సొంత గది ఆ వంతెన మీదే ఉన్నాయి. పేరున్న కళాశాలకూ వృత్తి నేర్చుకునే కుర్రాళ్ల బడికీ సరిగ్గా మధ్యలో డైరెక్టరు కూర్చున్నాడు. అయితే బౌహౌస్‌లో చేరిన ఆడపిల్లల్లో ఎక్కువమందిని నేత వైపే పంపారు. ఎంత వెలుగున్న భవనమైనా ఆ పక్షపాతాన్ని తనంతట తాను తొలగించలేదు.

మన దగ్గర చాలా బళ్లలో ఒకేషనల్ గది ఎక్కడుంటుందో చూసినవాళ్లకు తెలుసు. ప్రహరీ పక్కన, సైకిల్ స్టాండు దాటాక ఒక రేకుల షెడ్డు. ఊరి పెద్దలు వచ్చినా, అధికారులు వచ్చినా అటువైపు అడుగు పడదు. అందులో చదివే పిల్లవాడికి తన స్థానం ఏమిటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇందుకు భిన్నంగా ఆలోచించిన చోట్లూ ఉన్నాయి. బంగ్లాదేశ్‌లో దినాజ్‌పూర్ జిల్లా రుద్రాపూర్ చిన్న పల్లె. అక్కడ దీప్‌శిఖా అనే స్వచ్ఛంద సంస్థ కోసం జర్మన్ ఆర్కిటెక్టు అన్నా హెరింగర్, ఐకె రోస్వాగ్‌తో కలిసి ‘మెటీ’ బడి కట్టారు. కింది అంతస్తు మట్టి, పై అంతస్తు వెదురు. గడ్డి కలిపిన మట్టిని పశువులతో తొక్కించారు. గోడలు లేపింది ఊళ్లో పనివాళ్లే, పిల్లలూ టీచర్లూ కూడా చేతులు కలిపారు. ఆ బడికి 2007లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. ఆ తర్వాత అదే ఊళ్లో ఎలక్ట్రీషియన్ పని నేర్పడానికి హెరింగర్ ‘దేశి’ అనే మరో మట్టి భవనం కట్టారు. దానికి కావలసిన కరెంటు సౌర పలకల నుంచే వస్తుంది. ఆ ప్రాంతపు మట్టి ఇళ్లలో అరుదైన స్నానాల గది, మరుగుదొడ్డి కూడా లోపలే ఉన్నాయి. పలక నుంచి బల్బు దాకా కరెంటు నడిచే దారి అక్కడ శిక్షణకు వచ్చినవాళ్ల కళ్ల ముందే ఉంటుంది. వాళ్లకు ఆ భవనమే ఒక పాఠ్యపుస్తకం.

లద్దాఖ్‌లోని ఫే గ్రామం దగ్గర సెక్మోల్ ప్రాంగణం కూడా మట్టిదే. 1988లో మొదలైన ఈ సంస్థ పదో తరగతి తప్పిన పిల్లల్ని పిలిచి మరీ చేర్చుకుంది. దక్షిణానికి తిరిగిన భవనాలు పగటి ఎండను పట్టి ఉంచుతాయి. బయట నీళ్లు గడ్డకట్టే చలిలోనూ లోపల పొయ్యి రాజేయక్కర్లేదు. ప్రాంగణాన్ని నడిపేది చాలావరకు పిల్లలే. పరీక్ష తప్పాక ఎందుకూ పనికిరాడని ఇంట్లో అనిపించుకున్న పిల్లవాడి చేతికి ఒక భవనాన్ని అప్పగించడం ఎంతటి నమ్మకం!

పుణె జిల్లా పాబల్‌లో డాక్టర్ శ్రీనాథ్ కల్బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమం స్థాపించారు. హిందుస్థాన్ లీవర్‌లో పరిశోధన చేసిన మనిషి వాననీటికి కటకటలాడే ఆ ఊరికి వచ్చి, బడి మానేసిన పిల్లలకు వెల్డింగు, వ్యవసాయం, కరెంటు పని, ఇంటి ఆరోగ్యం కలిపి నేర్పారు. అక్కడి గుండ్రటి డోములు పిల్లలు కట్టగలిగేవి. నేర్చుకున్న పని ఊళ్లోవాళ్లకు చేసిపెట్టాలన్నది ఆ చదువులో భాగం. 2002లో అమెరికాలోని ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబ్ (కంప్యూటరు సాయంతో వస్తువులు తయారుచేసుకునే వర్క్‌షాపు) వెలిసింది కూడా ఆ పల్లెలోనే.

ఈ సంగతులు మనకు ఇప్పుడే కావాలి. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలంది. మంచి మాటే. కానీ కుమ్మరి బడికి వస్తే సారె ఎక్కడ పెట్టుకోవాలి? మట్టి తడపడానికి కుళాయి, బురదనీళ్లు పోవడానికి కాలువ ఏ గదిలో ఉన్నాయి? తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. కొత్త యంత్రాలు వస్తున్న చోట గదుల గురించి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాలి.

కర్రపని గదిలో పొట్టు, దుమ్ము లాగేసే ఏర్పాటు ఉండాలి. వెల్డింగు చోట పొగ బయటికి పోవాలి, పక్కవాళ్ల కళ్లకు తెర అడ్డుండాలి. యంత్రాన్ని ఒక్క దెబ్బతో ఆపే ఎర్ర స్విచ్చు ఎత్తు తక్కువ పిల్లకు కూడా అందాలి. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి వర్క్‌షాపుకు దగ్గర్లోనే ఉండాలి. అది లేక ఫిట్టర్ ట్రేడు వద్దనుకునే పిల్ల ఒక్కతి ఉన్నా ఆ తప్పు ప్లాను గీసినవాడిదే. వరండా వైపు పెద్ద కిటికీ పెడితే లెక్కల క్లాసుకు వెళ్లే పిల్లలు లేత్ తిరగడం చూస్తూ వెళ్తారు.

పోచంపల్లి లాంటి ఊళ్లో నేత నేర్పే బడి కట్టాలంటే ఇంకో చిక్కుంది. గుంట మగ్గానికి నేల తవ్వాలి. నేసేవాళ్లు అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతారు. పునాది వేసి, టైల్స్ పరిచి, రిబ్బన్ కత్తిరించాక ఆ నేలను ఎవరు తవ్వనిస్తారు? అందుకే ప్లాను గీసేముందే మగ్గం నేసేవాళ్లను పిలిచి గుంట లోతెంతో, వెలుగు ఏ పక్క నుంచి పడాలో అడిగి కాగితం మీదికెక్కించాలి.