ఖాళీ మగ్గం సంగతి ఎవరికి తెలియాలి?



వార్షికోత్సవ సభలో మన పూర్వీకుల గొప్ప చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా సాంకేతిక ఉపసంఘానికి ఇచ్చిన విషయం వేరు. మగ్గానికి సెన్సర్ బిగించి, దాన్ని ఇంటర్నెట్‌కు కలిపితే మన వ్యాపారం ఏమవుతుంది? "మగ్గం సెల్‌ఫోన్లో కనబడుతుందట" అని కార్ఖానాల్లో ఇప్పటికే మాట్లాడుకుంటున్నారు. కొందరికి సంబరం, కొందరికి భయం. మాకు రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి.

ముందుగా ఒక మాట. సెన్సర్ అనగానే ఎక్కడిదో వింత వస్తువు అనుకోకండి. పడుగు పోగు తెగితే కిందికి జారి మగ్గాన్ని ఆపే డ్రాప్ పిన్ను ఏమిటి మరి? అదీ ఒక సెన్సరే. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగితే తనంతట తానే ఆగేది. ఈనాటి టొయోటా కార్ల కంపెనీ పుట్టింది ఆ మగ్గాల కంపెనీలోంచే. మన దగ్గర కూడా 2017లో కేంద్రం తెచ్చిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో, సాదా మరమగ్గాలకు ఇలా ఆపే పరికరాలు బిగించుకోవడానికి సబ్సిడీ ఇచ్చారు. కాబట్టి పరికరం కొత్తది కాదు. పాత పిన్ను మగ్గానికి మాత్రమే చెప్పేది, "ఆగు" అని. కొత్త పరికరం ఇంకెవరికో కూడా చెబుతుంది. మొత్తం కథ ఆ "ఇంకెవరికో" అన్నచోటే ఉంది.

చిన్న లెక్క వేద్దాం. నిమిషానికి 140 పిక్కులు వేసే సాదా మరమగ్గం 8 గంటల షిఫ్టులో ఒక్క క్షణం ఆగకుండా నడిస్తే 67,200 పిక్కులు. అంగుళానికి 60 పిక్కుల గుడ్డ అయితే సుమారు 28 మీటర్లు. ఆగకుండా నడిచే మగ్గం ఎవరి కార్ఖానాలోనూ లేదు, మీకు తెలియనిది కాదు. నూటికి 65 వంతులు నడిచిందనుకుంటే దిగేది 18 మీటర్ల పైచిలుకు. మిగతా పది మీటర్లూ ఎక్కడికి పోయాయి? కరెంటు పోయింది. కండె అయిపోయింది. బీము మార్చారు. గంజి సరిగా పట్టక పోగులు టపటపా తెగాయి.

పరికరం మాత్రం "ఆగింది" అని రాస్తుంది. ఎందుకు ఆగిందో, అడిగేలా తయారుచేస్తే తప్ప, రాయదు. వ్యాపారి ఇచ్చిన నూలు నాసిరకం. తిట్లు మాత్రం మగ్గం మీద ఉన్న మనిషికి. సైజింగ్ వాడి తప్పూ, కరెంటు ఆఫీసు తప్పూ కూడా ఆ మనిషి పేరు మీదే చేరతాయి. ముక్క లెక్కన కూలి తీసుకునే చోట ఇది మాటలతో పోయే విషయం కాదు, వారం చివర చేతిలో పడే డబ్బు. అందుకే ఆగిన ప్రతిసారీ కారణం నొక్కే బొత్తాలు ఉండాలని మేము పట్టుబడుతున్నాం: కరెంటు, నూలు, కండె, మరమ్మతు. నాలుగు చాలు.

ఇది కార్ఖానా లోపలి సంగతి. బయటి సంగతి ఇంకా పెద్దది.

మనలో చాలామందికి నూలు వ్యాపారిది, మగ్గం మనది, మజూరీ పిక్కుకు ఇన్ని పైసలని. బేరం ఎలా జరుగుతుంది? వ్యాపారి వచ్చి "మగ్గాలు ఖాళీగా ఉన్నాయా?" అంటాడు. మనం "రెండు అవుతాయేమో, చూద్దాం" అంటాం. నాలుగు రోజులుగా ఆరు మగ్గాలూ ఆగి ఉన్నా సరే, అదే మాట. అది అబద్ధమే అనుకోండి. కానీ మన మజూరీని నిలబెట్టేది ఆ కాస్త అబద్ధమే! రేపు ఊళ్ళోని మగ్గాలన్నీ ఏదో ఒక కంపెనీ తెర మీద కనబడితే, ఎవరి మగ్గం ఎన్ని రోజులుగా ఆగి ఉందో కొనేవాడికి ముందే తెలిసిపోతుంది. ఆకలితో ఉన్న మగ్గాన్ని వెతికి దాని దగ్గరికే వస్తాడు, దాని రేటే ఊరందరి రేటు అవుతుంది.

ఊహించి బెదిరిస్తున్నాం అనుకోవద్దు. టాక్సీలను చూడండి. ఓలా 2010లో మొదలైంది, ఊబర్ 2013లో మన దేశానికి వచ్చింది. ఎవరి బండీ ఎవరూ లాక్కోలేదు. బండి డ్రైవరుదే, దాని అప్పు డ్రైవరుదే, డీజిలు ఖర్చూ డ్రైవరుదే. కిరాయి చెప్పే నోరు మాత్రం ఫోన్లోకి పోయింది.

అలాగని పరికరాన్నే వద్దందామా? గుజరాత్ పాల సహకార సంఘాల్లో పాలు పోసేచోట ఎలక్ట్రానిక్ యంత్రం కొవ్వు కొలిచి, పోసినవాళ్ళ చేతికి అక్కడికక్కడే చీటీ ఇస్తుంది. అదీ సెన్సరే, అదీ కంప్యూటరే. కానీ యంత్రం సంఘానిది, సంఘం పాలు పోసేవాళ్ళది. ఆ చీటీ మనకూ కావాలి. షిఫ్టు దిగగానే ఎన్ని పిక్కులు, ఎన్నిసార్లు, ఎందుకు ఆగింది అని కార్మికుడి చేతిలో ఒక కాపీ, కార్ఖానాదారు దగ్గర ఒక కాపీ. సోలాపూర్ తూర్పు భాగ్‌లో అయితే తెలుగులోనూ మరాఠీలోనూ. కూలి దగ్గర వచ్చే సగం తగాదాలు అక్కడే తెగిపోతాయని మా నమ్మకం.

చేనేతవాళ్ళు "మాకెందుకయ్యా ఇదంతా" అనవచ్చు. 2009-10 లెక్కల్లో దేశంలో చేనేత పనివారు 43.31 లక్షలు, 2019-20 నాటికి 35.22 లక్షలు. మరమగ్గం గుడ్డ చేనేత పేరుతో అమ్ముడుపోవడం మీ పాత బాధ. 1985 నాటి రిజర్వేషన్ చట్టం ఉంది, 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది, అయినా దొంగ సరుకు తిరుగుతూనే ఉంది. పేకను కొట్టే పలకకు చిన్న సెన్సర్ పెడితే, ఈ చీర ఎన్ని రోజుల్లో, ఎన్ని దెబ్బలతో దిగిందో రాసి ఉంటుంది. ఆ వేగం చేతిదో మరదో ఇట్టే తెలిసిపోతుంది. మాకు ఇది నచ్చింది. అయితే అదే లెక్క పెట్టుబడి పెట్టే షావుకారు చేతికి పోతే, బిడ్డకు జ్వరం వచ్చి మీరు మధ్యాహ్నం మగ్గం దిగిన సంగతి కూడా ఆయనకు తెలుస్తుంది. అందుకని చీరతో పాటు మొత్తం లెక్క మాత్రమే పోవాలి, రోజువారీ గంటలు ఇంట్లోనే ఉండాలి.

జకార్డ్ అట్టలు కొట్టేవాళ్ళను ఇక్కడ తలచుకోకపోతే తప్పు. ఎలక్ట్రానిక్ జకార్డ్ వచ్చిన చోటల్లా ఆ పని పోయింది. నక్ష గీయడం వచ్చినవాళ్ళు కంప్యూటర్ మీద కూర్చున్నారు, అట్ట కొట్టడం మాత్రమే వచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. రేపు జాబర్ల వంతు రావచ్చు. మగ్గం చప్పుడు విని జబ్బు చెప్పగల జాబర్‌కు పరికరం చదవడం కూడా నేర్పితే అతన్ని మించినవాడు ఉండడు. ఆ శిక్షణకు సమాఖ్య డబ్బు కేటాయించాలని కోరుతున్నాం.

చివరగా కాగితం సంగతి. "పరికరం ఉచితం, నెలకు కొంచెం కట్టండి చాలు" అని వస్తారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మనుషుల సమాచారానికి సంబంధించినది, ఎవరి పేరూ లేని మగ్గం లెక్కలకు అది అడ్డుపడుతుందని నమ్ముకుని కూర్చోలేం. కాబట్టి లెక్క ఎవరిది, ఎవరికి చూపిస్తారు, మనం మానుకుంటే పాత లెక్క మనకు తిరిగి ఇస్తారా అనేవి ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఒక్కొక్క కార్ఖానాదారు అడిగితే వాళ్ళు నవ్వుతారు, ఊళ్ళోని సంఘం అడిగితే కూర్చుని మాట్లాడతారు. మేము ఒక నమూనా ఒప్పందం తెలుగు, మరాఠీ, తమిళం, కన్నడం, ఒడియాలలో సిద్ధం చేస్తున్నాం. ఈలోగా ఎవరైనా కాగితాలతో మీ గుమ్మం ఎక్కితే సంతకం పెట్టకండి, మీ ఊరి సంఘానికి తెచ్చి చూపించండి. భోజనాలయ్యాక మేము పక్క గదిలోనే ఉంటాం, ఇప్పటికే పెట్టేసినవాళ్ళు కూడా ఆ కాగితాలు పట్టుకుని రండి.