పొలానికి తగిన పంట్లాం



విత్తనాన్ని గురించి, ఎరువును గురించి, తెగుళ్లను గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. ఈ పూట నేను చెప్పబోయేది కాళ్లకు తొడుక్కునే గుడ్డను గురించి. “ఇదేమి వ్యవసాయం?” అని మీకు తోచవచ్చు. నేను పనిచేసే ఊళ్లో ఒక పెద్దమనిషి నన్ను నిలబెట్టి అడిగాడు కూడా: “సారూ, పంట్లాం తొడిగితే పంట ఎక్కువ పండుతదా?” అని. పండదు. ఆ మాట నిజమే. కాని పండించే మనిషి పదికాలాలు నిలుస్తాడు. విత్తనం మొలవకపోతే మళ్లీ విత్తుకుంటాము. కాలు చెడితే మళ్లీ తెచ్చుకోలేము గదా!

నేను కాపురముండేది హైదరాబాదు పక్కన నిజాంపేటలో. అది ఒకప్పుడు పల్లె. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి దానిని నగరపాలక సంస్థ చేశారు. ఇప్పుడు ఎటు చూసినా మేడలే. కంప్యూటరు కంపెనీల్లో పనిచేసే పిల్లలు అక్కడ ఎక్కువ. ఆదివారం వస్తే వాళ్లు వికారాబాదు దగ్గరి అనంతగిరి గుట్టలు ఎక్కడానికి పోతారు. నేను అదే తోవన రోజూ డ్యూటీకి పోతాను. వాళ్లు పోయేది సరదాకు. నేను పోయేది మీ కంది చేలు, పత్తి చేలు చూడడానికి.

ఒకనాడు మా పక్కింటి అబ్బాయి వెంట బట్టల దుకాణానికి వెళ్లాను. అక్కడ వేటకనీ, కొండ నడకకనీ పేరుపెట్టి పంట్లాలు వేలాడదీసి ఉన్నాయి. వేట మాట పక్కన పెట్టండి. మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని వేట నేరము. కాని ఆ పంట్లాలను చేతబట్టి తిరగేసి చూస్తే ఆశ్చర్యమేసింది. ముల్లు దిగని నేత, వానకు తడిసినా గంటలో ఆరే గుడ్డ, గొంతుక్కూర్చున్నా చిరగని కుట్టు, మోకాలి దగ్గర రెండు పొరలు. నెలకొకసారి గుట్ట ఎక్కేవాని కోసం ఇంత ఆలోచించి కుట్టారే! మరి ఏడాది పొడుగునా ముళ్లలో, బురదలో, వానలో నడిచే రైతు చిరిగిన లుంగీతో ఎందుకు పోవాలి? ఆ ఖరీదైన పంట్లాలు మీరు కొనమని నేను చెప్పడం లేదు. వాటిలోని తెలివిని మన ఊరి దర్జీ చేత కుట్టించుకోమని చెబుతున్నాను.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం, పంటల నమోదుకు నేను బిగుతు జీన్సు తొడుక్కొని పోయాను. పొద్దున తొమ్మిదింటికి వాన తగిలింది. సాయంత్రం దాకా ఆ గుడ్డ ఆరలేదు. బురదతో కలిసి కాళ్లకు రాయి కట్టినట్లయింది. రెండు తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. వారం రోజులు గట్టు దాటాలంటే ప్రాణం పోయినట్లుండేది. నా వెంట తిరిగిన రైతు మాత్రం పలుచటి పాత టెరికాటన్ పంట్లాం తొడుక్కున్నాడు. మధ్యాహ్నానికల్లా అది ఆరిపోయింది. నా చదువు కంటె ఆయన అనుభవం మేలైంది.

ఇందులోని కారణం తేలికగానే ఉంది. నూలు నీటిని పీల్చుతుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూరు గ్రాముల నూలు దాదాపు ఎనిమిది గ్రాముల తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. అందుచేత ఎండాకాలంలో నూలు చెమటను పీల్చి ఒంటిని చల్లగా ఉంచుతుంది. వానాకాలంలో అదే గుణం శత్రువవుతుంది. పాలియెస్టర్ వానలో త్వరగా ఆరుతుంది గాని ఎండలో చెమటకు ఉక్కపోస్తుంది. ఒక్క గుడ్డ అన్ని కాలాలకు పనికిరాదు. ఒక్క విత్తనం అన్ని నేలలకు పనికివస్తుందా?

కాబట్టి ఏడాదికి రెండు పంట్లాలు చాలు. ఎండాకాలానికి వదులైన నూలు డ్రిల్లు. వానాకాలానికి పాలియెస్టర్, నూలు కలిసిన గుడ్డ. 65 పాళ్లు పాలియెస్టర్, 35 పాళ్లు నూలు కలిసినది పనిబట్టలకు బాగా వాడుకలో ఉన్నది. పాత జీన్సు ఉంటే పారవేయకండి. వాన లేని రోజున కంది కోతకు, చలికాలపు రాత్రి కావలికి అది మంచిది. మరొక్క హెచ్చరిక: పాలియెస్టర్ నిప్పుకు మండడమే గాక కరిగి చర్మానికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర గాని, నెగడు దగ్గర గాని ఆ బట్టతో కూర్చోవద్దు.

వానకు నీరు చొరని ప్లాస్టిక్ పంట్లాం ఎందుకు కాదని కొందరు అడుగుతారు. నిలబడి ఉండే పనికి అది సరే. నడిచే పనికి, దుక్కి పనికి లోపలి చెమట బయటికి పోదు. వానకు తడవకపోయినా చెమటకు తడుస్తారు. మన పెద్దలు వానకు గొంగడి కప్పుకునేవారు. గొర్రె ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. ఆ సూత్రం వాళ్లు పుస్తకం చదివి నేర్చుకోలేదు. అయితే గొంగడి తలకు, వీపుకు కాపు. మోకాళ్ల కింది భాగాన్ని మనం ఎప్పుడూ దేవుని మీద వదిలిపెట్టాము.

ఇక కుట్టు సంగతి. దర్జీకి నాలుగు మాటలు చెప్పండి. మొదటిది, తొడల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర సన్నగా ఉండాలి. రెండవది, రెండు కాళ్లు కలిసేచోట నాలుగు కుట్లు ఒక్క బిందువు దగ్గర కలవకుండా, నాలుగు పలకల గుడ్డముక్క ఒకటి వేయాలి. గట్టు దాటినప్పుడు, నాటుకు వంగినప్పుడు పంట్లాం పిగిలేది అక్కడే. మూడవది, మోకాళ్ల మీద, పిరుదుల మీద రెండో పొర వేయాలి. నాలుగవది, జేబుకు మూత ఉండాలి. వంగితే ఫోను బురదలో పడకుండా ఉంటుంది.

దుకాణంలో కొనేవారు ఐదు నిమిషాలు సిగ్గు విడిచిపెట్టండి. పంట్లాం తొడిగి గొంతుక్కూర్చోండి. మోకాలు నడుము దాకా ఎత్తండి. ఎక్కడైనా పట్టేస్తే అది ఆఫీసు పంట్లాం, పొలం పంట్లాం కాదు. తరువాత గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి. సందులు కనబడితే పల్లేరు ముల్లు దూరుతుంది, దోమ కూడా కుడుతుంది. అరచేతితో రాయండి. నున్నగా ఉంటే ఉత్తరేణి గింజలు అంటవు. నూగు ఉంటే గంపెడు అంటుకుంటాయి. లోపలి వైపు తిప్పి కుట్టు రెండు వరుసలున్నదా చూడండి. రంగు మట్టిరంగో, లేత ఆకురంగో అయితే ఎండకు నలుపంత వేడెక్కదు.

ఇంతకూ కాళ్లకు వచ్చే ఆపద ఏమిటి? వికారాబాదు జిల్లా వాళ్లకు కంది మోళ్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. కోత అయిన చేనులో అవి ఈటెల్లాగ నిలబడి ఉంటాయి. గట్ల వెంట వయ్యారిభామ ఉంటుంది; దాని రాపిడికి కొందరి చర్మం పగిలి దురద ఏళ్ల తరబడి వదలదు. పొదల్లో, గడ్డిలో కంటికి ఆనని పురుగు కుట్టితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. గడ్డి కోతకు పోయేవారు పంట్లాం అంచును మేజోడులోకి దోపుకుంటే ఆ పురుగు కాలిమీదికి పాకదు.

అన్నిటికంటె పెద్దది పాము. 2020లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అనగా ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే మనం నాట్లు వేసి కలుపు తీసే నెలల్లోనే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యే ముందు, రాత్రి వంతు కరెంటుకు మోటరు వేయబోయి పాము కాటుకు గురైనవారు ఊరూరా ఉన్నారు. నేటికీ అడవి పందుల కావలికి రాత్రిపూట చేనుకు పోక తప్పడం లేదు.

అమెరికాలో 2009లో ఒక ప్రయోగం ప్రకటించారు. తోకను గిలకలా మోగించే విషసర్పాల చేత ఒట్టి రబ్బరు తొడుగు మీద, జీన్సు గుడ్డ కప్పిన తొడుగు మీద కాటు వేయించి చూశారు. గుడ్డ కప్పినప్పుడు లోపల దిగిన విషం చిన్న పాముల విషయంలో 60 శాతం, పెద్ద పాముల విషయంలో 66 శాతం తగ్గింది. మిగిలిన విషం గుడ్డ పాలయింది. మన పాములు వేరే జాతివి. అయినా సూత్రం ఒక్కటే: కోరకు, చర్మానికి మధ్య వదులైన దళసరి గుడ్డ ఉంటే మేలు. బిగుతు గుడ్డ చర్మానికి అతుక్కుంటే ఆ మేలు తగ్గుతుంది.

అయితే పంట్లాం కవచమని భ్రమపడవద్దు. దానితోపాటు మడమ పైదాకా వచ్చే బూటు, చేతిలో టార్చి, కర్ర ఉండాలి. కట్లపాము తరచు నేలమీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. అక్కడ మంచమూ దోమతెరా కాపాడాలి గాని పంట్లాం కాదు. కాటు పడితే కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఆ కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి పోవాలి. మంత్రగాని ఇంటి దగ్గర పోయిన గంట తిరిగి రాదు.

మందు కొట్టేటప్పుడు వేరే నియమం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందు కొట్టిన వందలాది మంది ఆసుపత్రి పాలయ్యారు. 20 మందికి పైగా చనిపోయారు. నిలువెత్తు పత్తిలో నడిస్తే తడి ఆకులు తొడలకు రాసుకుంటాయి, మందు చర్మం గుండా లోపలికి పోతుంది. అందుకని ఆ పనికి ఒక పంట్లాం ప్రత్యేకించాలి. దాని అంచు బూటు లోపలికి కాక, బూటు పైకి దిగాలి. లోపలికి దోపితే కారిన మందంతా బూటులోకే చేరుతుంది. గడ్డికోతకు లోపలికి, మందుకు బయటికి; ఈ తేడా గుర్తుంచుకోండి. మందుకు తడిసిన పంట్లాన్ని ఆ రోజే విడిగా సబ్బుతో ఉతకాలి. పిల్లల బట్టలతో కలపరాదు, చెరువులో జాడించరాదు.

యంత్రం దగ్గర మరో జాగ్రత్త. ట్రాక్టరు వెనుక తిరిగే పీటీఓ కడ్డీ మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. పంచె కొస గాని, చీర కొంగు గాని, పంట్లాం అంచు గాని దానికి చిక్కితే “అయ్యో” అనే లోపల మనిషి చుట్టుకుపోతాడు. చీలమండ దగ్గర సన్నగా ఉండాలన్నది ఇందుకే. ఆ కడ్డీకి మూత లేకుండా దగ్గరికి పోవద్దు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. పత్తి ఏరబోయేటప్పుడు మీరు చీరమీద నిండు చేతుల చొక్కా తొడుక్కుంటారు. చేతులు గీరుకుపోకుండా మీకు మీరే కనిపెట్టిన ఉపాయమది. ఆ ఉపాయాన్ని కాళ్ల దాకా దించండి. చీర కుచ్చిళ్లు ఎత్తికట్టి, లోపల వదులైన నూలు పంట్లాం తొడుక్కోండి. నలుగురు నవ్వుతారేమోనన్న సంకోచం వద్దు. చొక్కా తొడిగిన మొదటి మనిషిని చూసి కూడా నవ్వే ఉంటారు. ఇంట్లో కొత్త పంట్లాం ఒక్కటే కొనగల స్థితి ఉంటే, చేనులో ఎక్కువ సేపు వంగి పనిచేసేది ఎవరో చూసి వారికి కొనండి.

తోటి విస్తరణ ఉద్యోగులకు మనవి. రైతు సమావేశంలో పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఊరి దర్జీని పిలిచి ఒక నమూనా పంట్లాం చూపించండి. ముందు మనం తొడుక్కుని పొలంలో దిగుదాం; ఆ తరువాత చెబితే వింటారు.

నన్ను నిలబెట్టి అడిగిన పెద్దమనిషి కిందటేడు మిశ్రమ డ్రిల్లుతో ఒక పంట్లాం కుట్టించుకున్నాడు, మోకాళ్లకు రెండు పొరలతో. కంది కోత అయ్యాక గట్టుమీద కనిపించి కాలు చాచి చూపించాడు. పిక్క దగ్గర గుడ్డ జానెడు చిరిగి ఉంది. లోపల చర్మం మీద తెల్లని గీత తప్ప ఏమీ లేదు. “పంట సంగతి ఏమోగాని సారూ, ఈసారి మోడు పంట్లాంను పొడిచింది. మాసిక వేస్తే అయిపోతది” అన్నాడు.