సీలింగ్ మార్చే ముందు ఒక్క షీట్ ఎత్తి చూడండి

ఈ ఎపిసోడ్‌లో సీలింగ్ గురించి మాట్లాడుకుందాం. అంటే విల్లాల్లో రంగు లైట్లు పెట్టి చేసే డిజైన్ సీలింగ్ కాదండీ. రేకుల ఇళ్ళల్లో ఎండ వేడి తట్టుకోలేక వేయించుకున్న థర్మోకోల్ సీలింగ్. అల్యూమినియం పట్టీలు, వాటి మధ్యలో రెండడుగుల చదరం తెల్ల షీట్లు. మీలో చాలామంది చిన్నప్పుడు దాని కింద పడుకుని ఆ గళ్ళు లెక్కపెట్టే ఉంటారు. నేనూ లెక్కపెట్టాను. మా అమ్మ గదిలో పొడవునా ఆరు, అడ్డంగా ఐదు, మొత్తం 30.

అది వేయించి పద్నాలుగేళ్ళయింది. తెల్లగా ఉండాల్సింది పసుపు రంగుకి వచ్చేసింది. మధ్యలో షీట్లు కిందికి జారాయి, ఒక మూల ఎలుక కొరికిన కన్నం, అక్కడక్కడ టీ ఒలికినట్టు మరకలు. వీడియో కాల్‌లో అమ్మ వెనకాల అది కనపడినప్పుడల్లా నాకు ఒకలా ఉండేది. సంక్రాంతి సెలవులకి వెళ్ళి రెండు రోజుల్లో దాని రూపు మార్చేద్దాం అనుకున్నా.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. షీట్లు మార్చడం ఎందుకు, రంగు వేస్తే పోలా అని స్ప్రే పెయింట్ డబ్బా తెచ్చా. ఒక షీట్ మీద కొట్టగానే అది నా కళ్ళ ముందే గుంటలు పడి కరిగిపోయింది. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్ ప్లాస్టిక్, అందులో దాదాపు 98 శాతం గాలే. స్ప్రే పెయింట్‌లో, థిన్నర్‌లో ఉండే ద్రావకం దాన్ని తినేస్తుంది. నీళ్ళు కలిపే ఎమల్షన్ రంగు అయితే ఏమీ కాదు. కానీ రంగు వేసినా జారిన షీట్ జారినట్టే ఉంటుంది కదా.

సరే, పాడైన ఆ షీట్ తీసి పక్కన పెడదామని పైకి ఎత్తా. పైన ఏముందో ఫోన్ టార్చ్ వేసి చూశా. అప్పుడు నా చెయ్యి నిజంగా వణికింది. ఎప్పుడో ట్యూబ్‌లైట్‌కి లాగిన వైరు, మధ్యలో జాయింటు, దాని మీద టేపు ఎండి ఊడిపోయింది. రాగి తీగ బయటికి కనపడుతోంది. పక్కన ఇంకో వైరు ఎలుక కొరికింది. అవన్నీ థర్మోకోల్ మీదే పడి ఉన్నాయి. సరిగ్గా దాని కింద మా అమ్మ మంచం.

థర్మోకోల్ సుమారు 100 డిగ్రీల వేడికే మెత్తబడిపోతుంది. అంటుకుంటే నల్లటి పొగ వస్తుంది, కరిగిన బొట్లు మండుతూ కింద పడతాయి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పీవీసీ వైరు ఏళ్ళ తరబడి థర్మోకోల్‌ని ఆనుకుని ఉంటే, వైరు తొడుగుని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా థర్మోకోల్‌లోకి వెళ్ళిపోతుంది. తొడుగు గట్టిపడి పగుళ్ళిస్తుంది. అంటే పైకి కనపడకుండానే ప్రమాదం పెరుగుతూ ఉంటుందన్నమాట.

అందుకే మీకు నేను చెప్పే మొదటి మాట ఇదే. అందం సంగతి తర్వాత. మెయిన్ స్విచ్ కట్టేసి, ఒక్క షీట్ ఎత్తి పైన చూడండి. వైర్లు అలా పడి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పైపుల్లో వేయించండి. ఆ తర్వాతే సీలింగ్.

రెండోది, మరకలు. అవి మురికి కాదు, కారుతున్న చోటు గుర్తులు. మా ఇంట్లో మరకలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. పైన చూస్తే సరిగ్గా రేకుల్ని బిగించిన బోల్టుల వరస. వాషర్లు ఎండి పగిలిపోయాయి. అవి మార్చకుండా కొత్త షీట్లు వేస్తే ఒక్క వానకే మళ్ళీ అదే మరక.

ఇక్కడ జాగ్రత్త. పాత సిమెంట్ రేకులు చాలావరకు ఆస్‌బెస్టాస్‌వి. ఆ నారల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ రావచ్చు. రేకు బాగుంటే దాని జోలికి పోకండి. డ్రిల్ చెయ్యొద్దు, కొయ్యొద్దు, గీకొద్దు. పాత షీట్ల మీద పేరుకున్న దుమ్ములో కూడా అది ఉండొచ్చు. అందుకే కరెంటు తీసేసి, నీళ్ళు చిలకరించి, ఆస్‌బెస్టాస్ దుమ్ముని ఆపగల మాస్క్ పెట్టుకుని మెల్లగా దించండి. చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడవండి. రేకు మీద నేరుగా కాలు పెడితే విరుగుతుంది, మనిషి కింద పడతాడు. పైన పని అలవాటున్న మేస్త్రీతోనే, బల్లలు వేయించి చేయించండి.

ఇక కొత్త షీట్లు. నేను పీవీసీ పొర ఉన్న జిప్సం టైల్స్ తీసుకున్నా. జిప్సం బరువులో ఐదో వంతు నీరే, అందుకే తొందరగా అంటుకోదు. తుడిస్తే శుభ్రమవుతుంది. కానీ ఒక్కోటి రెండు కిలోల పైనే ఉంటుంది. థర్మోకోల్ కోసం వేసిన పల్చటి పట్టీలు ఆ బరువు మోయలేవు. పట్టీలు కొత్తవి వేయించి, వేలాడే తీగలు రేకుకి కాకుండా కింద ఉన్న ఇనుప పైపులకే కట్టించాలి. ఫ్యాను కూడా ఎప్పుడూ పైపుకే, సీలింగ్ పట్టీకి కాదు.

లెక్క ఈజీ. గది పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి నాలుగుతో భాగించండి. మాది 12, 10. అంటే 120 చదరపు అడుగులు, 30 టైల్స్, ముక్కలకి రెండు మూడు ఎక్కువ. షాపులో టైల్స్, పట్టీలు, కూలి విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే రేటు చెప్తే ఎక్కడ తగ్గించారో మనకి తెలీదు.

రెండు రోజుల పని ఆరు రోజులు పట్టింది. అనుకున్న డబ్బులో సగం వైర్లకి, వాషర్లకే పోయింది. అవి ఫొటోలో కనపడవు. చివరి రోజు అమ్మ మంచం మీద పడుకుని పైకి చూస్తూ అంది: "ఒరేయ్, ఆ ట్యూబ్‌లైట్ దగ్గర అప్పుడప్పుడు కాలిన వాసన వచ్చేది. నీకు చెప్తే కంగారు పడతావని ఊరుకున్నా."

అంతే ఫ్రెండ్స్. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అమ్మావాళ్ళని ఒక్క మాట అడగండి, పైనుంచి ఏమైనా వాసన వస్తోందా అని.