మాటల జల్లెడ



కళ్లమున తూర్పార పట్టుటకు చేటయు, ఇంట పిండి జల్లించుటకు జల్లెడయు మన మెరిగినవే. బియ్యము దంపినపుడు తవుడు వేరగును. అది మన విస్తరికి పనికిరాదు. పశువుల కుడితిలో కలిపిన పుష్టి నిచ్చును. కావున తవుడు మంచిదా, చెడ్డదా యని యెవరైన నడిగిన, “ఎవరికి? ఎచ్చట?” అని మరల ప్రశ్నింపవలసి యున్నది. నేను నేడు చెప్పబోవు మాటల జల్లెడకును ఈ ప్రశ్నయే మూలము.

నేడు వార్తలును, ప్రభుత్వ ప్రకటనలును, ధరల పట్టికలును అంతర్జాలపు పుటలలో చదువుచున్నాము. ఆ పుటలను ప్రకటించువారు ఒక్కొక్క పుటను చేతితో కూర్చరు. పలువురి వ్రాతలను స్వీకరించి, భద్రపరచి, పుటగా తీర్చి చూపు యంత్రాంగ మొకటి యుండును. 2001లో వెలువడిన డ్రూపల్, 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ అట్టివే. వచ్చిన వ్రాతలలో యంత్రమును దారి తప్పించు గుర్తులును, ఆజ్ఞలును దాగియుండవచ్చును. వానిని ఏరివేయు ఏర్పాటునే నేను జల్లెడ యనుచున్నాను.

ఆ జల్లెడ గ్రుడ్డిదైన నేమగునో 1996లో ఇంగ్లండు దేశమున తెలియవచ్చినది. స్కన్‌థోర్ప్ అను పట్టణపు పేరు నడుమ కొన్ని యక్షరములను విడదీసి చదివిన నొక బూతుమాట యగును. ఏ.ఓ.ఎల్. అను సంస్థ జల్లెడ ఆ యక్షరముల వరుసను మాత్రమే చూచి, ఆ యూరివారు తమ ఊరిపేరు వ్రాసి ఖాతా తెరువబోగా నిరాకరించినది. యంత్రము అక్షరములను చూచినదే కాని మాటను చూడలేదు.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో నున్న మన్సూరాబాద్ నివాసి యొకరు తన చిరునామా వ్రాయుచున్నారనుకొందము. దిల్‌సుఖ్‌నగర్ అను పేరున లకార ఖకారములు పొల్లుతో నిలువవలెను. కంప్యూటరు వ్రాతలో పొల్లు వెనుక హల్లు వచ్చిన, ఆ హల్లు వత్తుగా మారి క్రిందికి దిగును. అట్లు దిగకుండుటకై నడుమ కంటికి కనబడని గుర్తు నొకదానిని ఉంతురు. దానిని తీసివేసిన ‘దిల్సుఖ్నగర్’ అని యగును. లకారమునకు సవత్తును, ఖకారమునకు నవత్తును తగులుకొనును. మన్సూరాబాద్ అను పేరున నకారము క్రింద సవత్తు సహజముగనే యున్నది. అచ్చట ఆ గుర్తుతో పనిలేదు.

ఈ గుర్తే 2018 ఫిబ్రవరిలో నొక యుపద్రవమునకు కారణమైనది. ‘జ్ఞ’ వెనుక ఈ గుర్తును, దాని వెనుక దీర్ఘమును చేర్చి పంపిన, ఆపిల్ సంస్థ ఫోనులలో ఆ సందేశమును చూపవలసిన అనువర్తనము మూతపడుచుండెను. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ సవరణను వెలువరించినది. ఇట్టి సమయమున, “ఆ గుర్తు ఎచ్చట కనబడినను తొలగింపుము” అని జల్లెడకు చెప్పబుద్ధి పుట్టుట సహజము. కాని యట్లు చేసిన ఫోను బ్రతుకును, ఊరిపేరు చెడును.

సందర్భ మెరిగిన జల్లెడ గుర్తునకు ముందేమున్నదో చూచును. దిల్‌సుఖ్‌నగర్ అను పేరున దానికి ముందు పొల్లు కలదు. ఫోనును మొరాయింపజేసిన కూర్పులో పొల్లు లేదు, అక్షరమే కలదు. “తెలుగున పొల్లు వెనుక నిలుపుము, తక్కినచోట్ల తొలగింపుము” అను నొక్క నియమముతో రెండును దక్కును. 2010లో అంతర్జాలపు చిరునామాలకు ఏర్పరచిన నియమములలోను ఈ గుర్తు పొల్లు వెనుక చెల్లునని యున్నది. పారసీ వ్రాతలో పొల్లు లేదు. అక్షరములు ఒకదానితో నొకటి కలిసిపోకుండ ఇదే గుర్తును వాడుదురు. కావున దానికి వేరు నియమము కావలెను. భాష నెరుగని జల్లెడ ఏదో యొక భాషకు హాని చేయక మానదు.

చోటును కూడ చూడవలెను. పుటలో చూపునపుడు ఈ గుర్తు నుంచవలెను. పేరు వెదకునపుడు దానిని లెక్కింపరాదు. ఏలయన, మన్సూరాబాద్ అని వ్రాసి చివర నీ గుర్తు నుంచినను కంటికి భేదము లేదు. యంత్రమునకు మాత్రమవి రెండు వేరు మాటలు. ఈ వివేకము లేని పట్టికలో పింఛను కొరకు పేరు వెదకించుకొన్న ముదుసలికి “మీ పేరు లేదు” అను జవాబు రావచ్చును. పేరున్నది, జల్లెడకు తెలివి లేదు.

మరియొక్క ముఖ్య విషయము. దస్తావేజు మూలమును భద్రముగ నుంచి, అవసరమును బట్టి నకళ్లు తీయుట పెద్దల పద్ధతి. డ్రూపల్ నందును వ్రాసినవారి మాటను వ్రాసినట్లే దాచి, చూపునపుడే జల్లించుట ఆచారము. మూలము నిలిచిన, జల్లెడలోని తప్పును రేపు దిద్దుకొనవచ్చును. మూలమునే జల్లించి పారబోసిన, పోయిన యక్షరమును ఎవరు తేగలరు?

మీ పిల్లలలో ఈ విద్య నభ్యసించువారు కలరు. వారితో నొక్క మాట చెప్పుడు: “చెత్తను ఏరివేయుడు, కాని మా ఊళ్ల పేర్లను, మా పేర్లను చెత్త యనుకొనకుడు.” మీ పేరు ఏ పట్టికలో నెక్కినను, అక్షర మక్షరము చదివించి వినుడు. తప్పున్న నడుగుటకు సంకోచింపకుడు.