ఏటికి ఇవ్వని పాట



కష్టకాలంలో క్రైస్తవుని ఆనందమును గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఈ సభలో గుడికి వెళ్లేవారు, మసీదుకు వెళ్లేవారు, పెర్సాపేన్‌ను కొలిచే గోండు సోదరులు ఉన్నారు. కనుక ప్రసంగపీఠంమీది బోధ చేయబోను. మా ఇంటిలో నేను చూసినది మాత్రమే మనవి చేస్తాను.

1986 ఆగస్టు మాసం. నేనప్పుడు తొమ్మిదవ తరగతి. గోదావరి నీటిమట్టం ఆ నెల 16న భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరింది. ఎగువన ఉన్న మన సిరొంచలో, ప్రాణహిత గోదావరితో కలిసే ఈ మూలలో, ఏరేదో చేనేదో తెలియలేదు. నీరు తీసిన తరువాత నాన్నగారు మా వరిమడి చూడబోయి, మోకాలిలోతు ఇసుకమేట చూసి, ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చున్నారు. రెండు రోజులు ఎవరితోను మాట్లాడలేదు.

మా అమ్మ డోర్నకల్ వైపు ఆడపడుచు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్యగారి అధ్యక్షమండలం అది. అక్కడి విశ్వాసులలో అత్యధికులు పేద పల్లెకూలీలు. వంటకు బియ్యం పోసే ప్రతి పూటా స్త్రీలు ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరే కుండలో వేసేవారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయాన్ని చూసినవారు దాని గోపురాలను మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పిడికిళ్లే గుర్తుకు వస్తాయి. కడుపు నిండినవాడు ఇచ్చుట వేరు, అరకడుపు తిని ఇచ్చుట వేరు.

ఆ అలవాటును అమ్మ కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్నది. మూడవనాడు ఆమె తన గురిగి దించింది. అందులో రెండు పూటలకు సరిపడు బియ్యం ఉన్నది. ఇరుగుపొరుగు రెండిళ్లవారిని పిలిచి, అందరికీ ఒకే కుండలో గంజి కాచింది. వడ్డించే ముందు, కన్నీళ్లు కారుతూ ఉండగానే ఒక కీర్తన ఎత్తుకున్నది. నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఇప్పుడు పాటేందమ్మా?" అన్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని, "పొలం ఏటికి పోయింది. పాట గూడ ఏటికే ఇయ్యాల్నా?" అన్నది.

పౌలు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన లేఖలో ఆనందము అనే మాట అడుగడుగునా కనబడుతుంది. అది చెరసాలలో వ్రాసిన లేఖ అని తరువాత ఎప్పుడో చదువుకున్నాను. పైరు పండక, దొడ్డిలో పశువు లేక కూడా సంతోషించుటకు నిశ్చయించుకున్న హబక్కూకు ప్రవక్తను గురించి ఇంకా తరువాత తెలిసింది. వీటన్నిటికీ వ్యాఖ్యానం నేను ముందే ఆ గంజికుండ దగ్గర విన్నాను.

ఒక మాట మరచిపోరాదు. నాన్నగారు ఆనాడు పాడలేదు. క్రిస్మసు దాకా ఆయన గొంతు విప్పలేదు. అమ్మ ఒక్కనాడూ ఆయనను తప్పుపట్టలేదు, విశ్వాసం తక్కువన్నది లేదు. గంజి మాత్రం మొదట ఆయనకే పోసింది. దుఃఖంలో ఉన్నవానికి సంతోషించుమని ఉపన్యాసమివ్వడం నాకు నచ్చదు. అట్టివారు మన సంఘాలలో కొందరున్నారు. అలాగే ఆనందించుమంటే అర్జీ పెట్టవద్దని కాదు. 2019లో మేడిగడ్డ ఆనకట్ట ప్రారంభమైన తరువాత ముంపు భూముల పరిహారానికై మన రైతులు చేసిన ఆందోళన మీరెరిగినదే. ఆ సభలకు వెళ్లినవారిలో ఆదివారం గుడిలో కీర్తన పాడినవారూ ఉన్నారు.

ఇంత చెప్పిన నేను నా వంతు వచ్చినప్పుడు ఏమి చేశాను? 2021 మే నెలలో, కరోనా రెండవ విడతలో, నా సహధర్మచారిణి కన్నుమూసింది. పది నెలలు నేను దేవాలయంలో పెదవి కదపలేదు. ఆనందమును ఎంచుకొనుట అనే మాటే నాకు ఎగతాళిగా తోచింది. ఒకనాడు అటక సర్దుతుంటే అమ్మ గురిగి చేతికి తగిలింది. పాట రాకపోయినా పిడికిలి వస్తుంది గదా అనుకున్నాను. ఒంటరివాని వంట, అది అరపిడికెడే. శనివారం శనివారం ఆ బియ్యం పక్కవీధిలోని ఒక ముసలమ్మకు ఇచ్చి వచ్చేవాణ్ణి. 2022 జూలైలో మళ్లీ వరద వచ్చింది, భద్రాచలం వద్ద 71.3 అడుగులు. ఆ నెలలో కూడా మానలేదు. ఒక శనివారం ఆమె చేటలో బియ్యం పోసి చూసి, "ఏం సారూ, దేవునికి పురుగుల బియ్యమా?" అన్నది. నాకు నవ్వు వచ్చింది. నా భార్య పోయిన తరువాత నా నోట వచ్చిన మొదటి నవ్వు అది. ఇద్దరం కూర్చుని పురుగులు ఏరాము. ఏరుతూ ఏరుతూ, నాకు తెలియకుండానే అమ్మ పాడిన కీర్తన కూనిరాగం తీస్తున్నాను. ముసలమ్మది వేరే మతం. అయినా రెండవ చరణానికి తల ఊపింది.

మన తెలుగు బడిలో పిల్లల సంఖ్య తగ్గుతున్నదని ఇందాక ఉపాధ్యాయులు బాధపడ్డారు. ఆ బాధ నాదీ. అందుకు ఏమి చేయాలో మధ్యాహ్నపు సమావేశంలో మాట్లాడుకుందాం, నేనూ ఉంటాను. ఈ ఉదయం బయలుదేరేటప్పుడు గురిగి చూసి వచ్చాను. సగానికి పైగా నిండింది. ఈసారి వేపాకు వేశాను.