మల్లె, మందార – పూతలో తేడా, పెంపకంలో తేడా



ఈ రోజు పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. మీ ఇంటి పెరడు చాలు. పెరడు లేనివాళ్లకు పక్కింటి గోడ మీద నుంచి తొంగిచూసే మందార కొమ్మ, డాబా మీద కుండీలో ఉన్న మల్లె పొద చాలు.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా పెరట్లో ఈ రెండు మొక్కలూ పక్కపక్కనే ఉండేవి. ఒకే గొట్టంతో రెంటికీ రోజూ నీళ్లు పెట్టేవాణ్ణి. నెలకోసారి రెంటికీ పిడికెడు యూరియా. మందార విరగబూసింది. మల్లె మాత్రం వరసగా రెండు వేసవులు ఒక్క మూరెడు దండకు సరిపడా పూలు కూడా ఇవ్వలేదు. ఆకులేమో నిగనిగలాడుతూ గోడ ఎక్కాయి. చూసినవాళ్లు, “అది గొడ్డుమొక్క, తీసి పారేయండి” అన్నారు. నేనూ గడ్డపార తెచ్చాను. అప్పుడు మా అమ్మ వసారాలోంచి ఒకే మాట అడిగింది: “చలికాలంలో ఆకు దూశావా?”

దూయలేదు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి, ఆ పని అవసరమని నాకు తోచనే లేదు. ఆ ప్రశ్నలో ఎంత శాస్త్రం ఉందో ఈ రోజు చూద్దాం.

ఒక మందార కొమ్మ, ఒక మల్లె కొమ్మ తెచ్చుకుని పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కటే గమనించండి: పువ్వు ఎక్కడ పుడుతోంది?

మందారలో పువ్వు ఆకు మొదట్లో, అంటే కొమ్మకూ ఆకు కాడకూ మధ్య ఉండే గ్రీవంలో, ఒంటరిగా వస్తుంది. కొమ్మ చివర ఉన్న మొగ్గ తన పని తాను చేసుకుంటూ పైకి పెరుగుతూనే ఉంటుంది. కొత్త ఆకు వేస్తుంది, ఆ ఆకు గ్రీవంలో మరో పువ్వు. అంటే మందార పెరుగుతున్నన్నాళ్లూ పూస్తుంది. మన దేశంలో గట్టి చలి లేని ప్రాంతాలన్నిటా ఏడాది పొడవునా దేవుడి పూజకు మందార దొరకడానికి కారణం ఇదే.

మల్లె పద్ధతి వేరు. దానిలో కొమ్మ కొనే పువ్వుగా మారుతుంది. చాలాసార్లు మూడు మొగ్గలు గుత్తిగా కనిపిస్తాయి. నడిమి మొగ్గ ముందుగా విచ్చుకుంటుంది. మీ పాఠ్యపుస్తకంలో నిశ్చిత పుష్పవిన్యాసం అని చదువుకున్నది ఇదే. కొన పువ్వుగా మారాక ఆ రెమ్మ ఇంక ముందుకు సాగదు. మళ్లీ పూలు రావాలంటే కింది కణుపుల నుంచి కొత్త రెమ్మలు పుట్టాలి. ఎన్ని కొత్త రెమ్మలు పుడితే అన్ని పూగుత్తులు.

ఇప్పుడు మా పెరటి మల్లెకు ఏమైందో ఊహించండి. నీళ్లు పుష్కలం, నత్రజని పుష్కలం. కొనలు ఆగకుండా తీగలా సాగిపోయాయి. సాగుతున్న కొనలో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి ప్రవహిస్తూ పక్క మొగ్గలను నిద్రలోనే ఉంచుతుంది. దీన్నే అగ్రాధిక్యత అంటాం. ఒక తీగ సాగితే పది రెమ్మలు ఆగాయన్నమాట. కొన కత్తిరిస్తే ఆ అదుపు పోతుంది, పక్క మొగ్గలు మేలుకుంటాయి. ముదురు ఆకులు దూసేసినా వాటి గ్రీవాల్లోని మొగ్గలు కదులుతాయి. ఆక్సిన్ పేరు మా అమ్మ ఎన్నడూ వినలేదు. దాని పనితీరు మాత్రం తన పుట్టింటి పెరట్లోనే నేర్చుకుంది.

మల్లె సంరక్షణ ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇళ్లలో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. నవంబరు వచ్చేసరికి నీళ్లు బాగా తగ్గించండి. మొక్క కాస్త వాడినట్టు కనిపించినా కంగారు పడవద్దు, అది విశ్రాంతి. నవంబరు చివరి వారం నుంచి జనవరిలోపు ఒక రోజు చూసుకుని, నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తుకు పొదను కత్తిరించండి. ఎండిన పుల్లలు, సన్నటి రెమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి. మిగిలిన ఆకులు దూసేయండి. పాదు తవ్వి, నేలలో పెరిగే పొదకు 10 కిలోల దాకా బాగా చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పెట్టండి. కుండీ అయితే రెండు మూడు దోసిళ్ల ఎరువు చాలు. మార్చి నుంచి మొగ్గ కనిపిస్తుంది. మొగ్గ తొడిగాక మాత్రం మల్లెను ఎండబెట్టకూడదు. అప్పటిదాకా నీళ్లు ఆపమన్నవాణ్ణి ఇప్పుడు పెట్టమంటున్నానేమిటని అనుకోకండి. నీరు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇది పెరటి వైద్యం మాత్రమే కాదు. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లెను పండించే తమిళనాడులో రైతులు కూడా చలికాలంలో ఇలాగే పొదలు కత్తిరిస్తారు.

ఇదే వైద్యం మందారకు చేస్తే? నీళ్లు ఆపిన కొద్దిరోజులకే మొగ్గలు విచ్చుకోకుండా కాడతో సహా రాలిపోతాయి. మందార ఆకు వెడల్పు, మెత్తన. ఎండలో నీటిని త్వరగా కోల్పోతుంది. వేసవిలో కుండీ మందారకు రోజూ నీళ్లు కావాలి, మధ్యాహ్నానికి తల వాలిస్తే సాయంత్రం మరోసారి. అలాగని నీరు నిలవకూడదు. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోతే వేరు కుళ్లుతుంది. కత్తిరింపు కూడా కొద్దికొద్దిగానే. కొన తీసేసిన ప్రతి కొమ్మా మళ్లీ చిగురించి పూతకు రావడానికి వారాలు పడుతుంది కనుక అన్ని కొమ్మలూ ఒకేసారి నరికితే ఆ వారాలన్నీ పూలుండవు. మూడోవంతు కొమ్మలు ఇప్పుడు, మరో మూడోవంతు నెల తర్వాత, ఇలా చేస్తే పూత తెగదు.

ఎండ విషయంలో రెండూ ఒకటే: రోజుకు ఆరు గంటలైనా నేరుగా పడాలి. నీడలో ఉన్న మల్లెకు ఎన్ని ఎరువులు వేసినా ఆకులే.

చీడల గురించి రెండు మాటలు. మందార కొనల్లో దూదిలా తెల్లగా కనిపించేది పిండినల్లి. దాని తీపి విసర్జన కోసం చీమలు చేరతాయి, దానికి కాపలా కాస్తాయి. కాబట్టి చీమల బారు కనిపిస్తే కొనలు వెతకండి. నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లితే చాలావరకు అదుపులోకి వస్తుంది. మల్లెకు సున్నం ఎక్కువున్న నేలల్లో మరో బాధ ఉంది: లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇది ఇనుప ధాతు లోపం. నేలలో ఇనుము ఉన్నా క్షారగుణం వల్ల వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లాలి. దీన్ని తెగులు అనుకుని పురుగుమందు కొట్టేవాళ్లను చాలామందిని చూశాను.

వీటి బంధువులను చూసినా ముచ్చటగా ఉంటుంది. మందార మాల్వేసీ కుటుంబం; బెండ, పత్తి, గోంగూర దాని చుట్టాలు. బెండ పువ్వు తెచ్చి పోల్చండి, కేసరాలన్నీ గొట్టంలా కలిసిపోయి ఉండడం రెంటిలోనూ కనిపిస్తుంది. మల్లె ఓలియేసీ కుటుంబం. పారిజాతం దాని దగ్గరి చుట్టం. మందార పొద్దున విచ్చుకుంటుంది, వాసన లేదు, ఎర్రటి రంగు ఉంది. మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది, రంగు లేదు, పరిమళం ఉంది. మొదటిది పగటి పిట్టలను పిలిచే తీరు, రెండోది రాత్రి తిరిగే చిమ్మెటలను పిలిచే తీరు. అందుకే రైతు మల్లెను తెల్లవారుజామున, ఇంకా మొగ్గగా ఉండగానే కోస్తాడు. 1934లో ఫిలిప్పీన్స్ ఈ మల్లెనే జాతీయ పుష్పంగా ఎంచుకుంది. 1960లో మలేషియా మందారను ఎంచుకుంది.

ఇక మీకొక పని. వచ్చే డిసెంబరులో ఒకే మల్లె పొదలో ఆరు కొమ్మలు ఎంచుకోండి. రంగు దారాలు కట్టండి. రెండు కొమ్మలకు కొన కత్తిరించి ఆకు దూయండి. రెండింటికి ఆకు మాత్రం దూయండి. మిగతా రెంటినీ ముట్టుకోవద్దు. వారానికొకసారి కొత్త రెమ్మలు ఎన్ని వచ్చాయో, తర్వాత మొగ్గలు ఎన్ని వచ్చాయో తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి. ఆరు కొమ్మలకూ ఎండ ఒకేలా తగిలేలా చూసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఏప్రిల్ నాటికి మీ దగ్గర ఉండే పట్టిక మీ సొంతం, ఏ పుస్తకంలోనూ ఉండదు.

మా మల్లె సంగతి చెప్పలేదు కదూ. గడ్డపార పక్కన పెట్టి ఆ జనవరిలోనే కత్తిరించాను. ఏప్రిల్ మొదటి వారంలో మా అమ్మ ఒడినిండా మొగ్గలతో వసారాలో కూర్చుని దండ కట్టింది. పక్కింటివాళ్లకు కూడా పంచింది.