మాటలాడు భాష – నేర్వదగిన భాష

(పాఠశాల వార్షికోత్సవ సభలో విద్యార్థుల తల్లిదండ్రుల నుద్దేశించి సంఘము పక్షమున చేయబడిన ప్రసంగము)

జనాభా లెక్కలు వ్రాయు ఉద్యోగి మన గడపకు వచ్చినప్పుడు భాషను గూర్చి రెండు సంగతులు అడుగును. మీ మాతృభాష యేది? అది గాక మీకు వచ్చిన భాషలేవి? మాతృభాష యనగా బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష యని వారి నిర్వచనము. 2011వ సంవత్సరపు లెక్కలలో ఈ దేశమున 8 కోట్ల 11 లక్షల మంది తెలుగు తమ మాతృభాష యని చెప్పియున్నారు. వారిలో మన ఒడిశా రాష్ట్రమువారు 6 లక్షలకు పైబడి యున్నారు. అయితే, "మీరు ఏ భాషను నేర్వగోరుచున్నారు?" అని మాత్రము లెక్కలవారు అడుగరు. ఆ ప్రశ్నను నేడు మేము మీ ముందుంచుచున్నాము.

పిల్లలను బడిలో చేర్చుకొనునప్పుడు ఈ మాట మేము ఏటేట అడుగుచునే యున్నాము. వచ్చు సమాధానములు ఇంచుమించుగ ఒక్క తీరుననే యుండును. ఇంగ్లీషు బాగుగ నేర్పుడు, ఉద్యోగమునకు అదియే ఆధారమందురు. హిందీ కొంత రావలెనందురు. ఒడియా రాకున్న ఈ రాష్ట్రమున బ్రతుకు సాగదందురు. తెలుగు మాట వచ్చుసరికి, "ఇంట మాటలాడుచునే యున్నాడు గదండీ, దానికి మరల బడి యెందులకు?" అని అడుగుదురు. ఈ మాటలో భాషాద్వేష మేమియు లేదు. చిన్నవాని వీపున మరియొక పుస్తకపు బరువు మోపనేల యను వాత్సల్యమే యున్నది. కాని మాటలాడుట వేరు, నేర్చుట వేరు. మన పిల్లలు తెలుగు మాటలాడుచున్నారు, నేర్చుట లేదు. ఇదియే మేము నేడు విన్నవింపదలచిన విషయము.

ఇంటి తెలుగు ఎంతవరకు పోవునో కొంచెము పరికింపుడు. అన్నము పెట్టమనుటకు, అలిగి కూర్చుండుటకు, తమ్మునిపై చాడీలు చెప్పుటకు అది చక్కగా చాలును. అదే బాలుని వాన యెట్లు కురియునో, గ్రహణ మెట్లు పట్టునో అమ్మమ్మకు తెలుగున చెప్పుమనుడు. రెండు మాటలు చెప్పి, మూడవ మాటకు ఒడియాలోనికో ఇంగ్లీషులోనికో దాటిపోవును. విషయము తెలియక కాదు. వానికి వయస్సు పదియేండ్లు వచ్చినది, వాని తెలుగు మాత్రము అయిదవ యేటనే నిలిచిపోయినది. రేపు వాడు తండ్రియై తన బిడ్డకు ఇచ్చునది ఆ అయిదేండ్ల తెలుగే. ఆ బిడ్డ తన బిడ్డకు ఏమి యిచ్చునో చెప్పనక్కరలేదు.

లిపి సంగతి మరియొకటి. మన పిల్లలలో కొందరు తెలుగు పాటను గాని, తెలుగు మాటను గాని ఒడియా అక్షరములతో వ్రాసికొందురు. ఒడియా లిపి ఆ భాషకు సర్వవిధముల తగినది. కాని తెలుగున ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు వేర్వేరు అక్షరములున్నవి. ఒడియాలో ఆ జంటల కొక్కొక్క అక్షరమే కలదు. అందుచేత ఆ లిపిలో వ్రాసిన తెలుగున మెడకును మేడకును భేదము తెలియదు. కొండ కొనయు, కొండ కోనయు ఒక్కటే యగును. అకారాంతమైన మాటను ఒడియావారు ఒకారపు ఛాయతో పలుకుదురు. ఆ చదువే చదివిన బాలుడు 'కమల' అను పేరును 'కొమొలొ' యని చదువుట సహజము. చేతి ఫోనులలో రోమను లిపితో వ్రాయు తెలుగునకును ఇట్టి చిక్కులే కలవు. అక్షరము చేజారినచో ఉచ్చారణ చేజారును; ఉచ్చారణ చేజారినచో అర్థము చేజారును. ఇందు సంతోషింపదగిన విషయ మొకటి కలదు. ళకారము రెండు భాషలందును కలదు గాన, దానిని పలుకుటకు మన పిల్లలు ఏమాత్రమును తడబడరు. పొరుగు భాష ఇట్టి సాయము కూడ చేయుచుండును.

ఒడియాను తగ్గించి తెలుగును పెంపుడని మేము చెప్పుచున్నామని యెవరును తలంపకుందురు గాక. ఈ విషయమున మనకు మార్గదర్శకులైన మహనీయుడు ఈ ప్రాంతముననే చిరకాలము నివసించెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగ సమీపమున జన్మించి, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై, ఆ చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాషను నేర్చుకొనిరి. ఆ భాషకు అప్పుడు పుస్తకము లేదు, వ్యాకరణము లేదు. సవరల నోటినుండి విని, వ్రాసికొని, సరిచూచికొని, వారి పిల్లలకు వాచకములు కూర్చిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడినది. నిఘంటువులు కూడ తరువాత వెలువడినవి. వ్యావహారిక భాషోద్యమము నడిపిన వారుగా ఆయనను లోకమెల్ల ఎరుగును. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నారు. మా ఈ గ్రాంథికపు పలుకులు విన్నచో ఆయన నవ్వుకొనియుందురేమో! అయినను, తెలుగునకై జీవితమంతయు పోరాడినవారే పరుల భాషకై అన్ని యేండ్లు వెచ్చించిరి. ఒక భాషపై ప్రేమ రెండవదానిపై ద్వేషము కానక్కరలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు పంతులుగారు వృద్ధాప్యమున ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. మన తాతలు తరలిపోలేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో వారు తమ ఇండ్లను, పొలములను, అంగళ్లను అంటిపెట్టుకొని యుండిరి. ఉండిపోయినవారి సంతతికి ఊరి భాషయు కావలెను, ఇంటి భాషయు కావలెను.

మన పొరుగువారైన ఒడియా సోదరుల చరిత్రమును కూడ తెలిసికొనుట మంచిది. 1870లో బాలేశ్వరమున ఒక ఉపాధ్యాయుడు, ఒడియా స్వతంత్రభాష కాదని వాదించుచు వంగభాషలో ఒక పుస్తకమును ప్రకటించెను. పాఠశాలలలో ఒడియాకు బదులు వంగభాషనే నేర్పవలెనని ఆనాడు కొందరి పట్టుదల. ఫకీర్ మోహన్ సేనాపతి మొదలగువారు దాని నెదిర్చిరి. సభలలో ఉపన్యసించుటతో వారు ఊరకుండలేదు. ముద్రణాలయము నెలకొల్పిరి, పిల్లలకు పాఠ్యపుస్తకములు వ్రాసిరి. సేనాపతిగారు వంగభాషను, సంస్కృతమును కూడ చక్కగా ఎరిగినవారే. ఇంట మాటలాడుచున్నాము గదా యని ఆనాటి ఒడియా తల్లిదండ్రులు మిన్నకుండియున్నచో, 2014లో ప్రాచీనభాషగ గుర్తింపబడిన ఆ భాష నేడు ఏ స్థితిలో నుండెడిదో! మన తెలుగునకు ఆ గుర్తింపు 2008లోనే లభించినది. కాని గుర్తింపు పత్రము బిడ్డకు అక్షరములు దిద్దింపదు.

చట్టము మనకు కొంత అండగా నున్నది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశమున, ఒక తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తము మీద 40 మంది గాని మాతృభాషలో చదువగోరువారున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనని నిశ్చయించిరి. 1956లో జరిగిన ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించుట ప్రతి రాష్ట్రమునకును, స్థానికసంస్థకును కర్తవ్యమని అందు చెప్పబడినది. అయితే ఈ మేలంతయు 'కోరువారు' అను మాటపై ఆధారపడియున్నది. తరగతిలో తెలుగుపిల్లలు ముప్పదిమంది యుండవచ్చును. తెలుగు కోరినవారు తొమ్మండుగురైనచో ఏ అధికారియు ఆ తొమ్మిదిని పది చేయలేడు. ఒక్క తండ్రి "మా వానికి అక్కరలేదు" అని వ్రాసినప్పుడు, తన బిడ్డ విషయము మాత్రమే తీర్మానించుకొంటినని యనుకొనును. తక్కిన తొమ్మండుగురి ఉపాధ్యాయుని కూడ తీర్మానించినట్లని ఆయనకు తోచదు. ఒకసారి పోయిన ఉపాధ్యాయపదవిని తిరిగి సంపాదించుట యెంత కష్టమో సంఘములు నడుపువారికి తెలియును.

కావున తల్లిదండ్రులకు మా విన్నపములు నాలుగు. మొదటిది: ప్రవేశపత్రమున నేర్వగోరు భాషలను వ్రాయునప్పుడు తెలుగును తప్పక చేర్పుడు, ఒడియాను ఇంగ్లీషును తీసివేయవలదు. రెండవది: దినమునకు పావుగంట సేపు బిడ్డచేత తెలుగు పుస్తకమును బిగ్గరగా చదివించి వినుడు. చదువురాని తల్లి యైనను తప్పుగా పలికిన మాటను చెవితో పట్టుకొనగలదు. ఈ పనికి ఆమెకు మించిన పరీక్షాధికారి లేదు. మూడవది: నెలకొక ఉత్తరము అమ్మమ్మకో, తాతగారికో తెలుగు లిపిలో వ్రాయింపుడు. ఫోనులో మాటలాడుచున్నాము గదా యందురు. మాట గాలిలో కలిసిపోవును, ఉత్తరము పెట్టెలో నుండును. నాల్గవది: బడిలో నేర్చిన ఒడియా పాఠమును ఇంట తెలుగున చెప్పింపుడు. దానితో రెండు భాషలును ఒక్కసారి పదునెక్కును, పాఠమును మనస్సున నిలుచును.

ఇన్ని భాషలు పసివారికి బరువు కాదా యని మీకు సందేహము కలుగవచ్చును. మన వీధులలో పదేండ్ల పిల్లలు ఇంట తెలుగును, ఆటలో ఒడియాను, చిత్రములు చూచుచు హిందీని ఎవరును నేర్పకయే పట్టుకొనుచున్నారు. వారి శక్తిని మేము ప్రతిదినమును చూచుచున్నాము. వారికి కొరవడినది శక్తి కాదు. ఇదియు నేర్వదగినదే యని ఇంటిలోని పెద్దలు చెప్పు ఒక్క మాట.

వచ్చే ఏడు ప్రవేశముల వేళ మా బల్ల ముందు మీరు కూర్చుండినప్పుడు మేము మరల అదే ప్రశ్న నడుగుదుము. మీ సమాధానములలో తెలుగు పేరు కూడ వినవచ్చునని ఆశించుచున్నాము.